ప్రభుత్వ వెబ్‌సైట్‌ను చూపు లేనివాళ్ళు వాడుకోవాలంటే పేజీ మూలన ఒక విడ్జెట్ పెడితే సరిపోతుందా?

మీ ప్రశ్న చదివాను. జిల్లా ఆఫీసులో వెబ్‌సైట్ పని మీకు అప్పగించారు. దివ్యాంగులకు అనుకూలంగా మార్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, పేజీ మూలన వీల్‌చైర్ బొమ్మతో ఒక విడ్జెట్, అంటే నొక్కితే సహాయ సౌకర్యాలు తెరుచుకునే చిన్న మీట, పెడితే పని అయిపోతుందన్నారు. అది నిజమేనా, చట్టం ఏం చెబుతోంది అని అడిగారు. నిజం కాదు. ఆ డబ్బు దాని మీద పెట్టకండి. ఎందుకో, దాని బదులు ఏం చేయాలో చెబుతాను.

నాకు పుట్టుకతో చూపు లేదు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. డిగ్రీ చదివేటప్పుడు కంప్యూటర్ నేర్చుకున్నాను. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతాను. ఇవి తెరమీద ఉన్నదాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్లు, వీటినే స్క్రీన్ రీడర్లు అంటారు. ఒకటి రెండు శాఖల వాళ్ళు తమ సైట్లు పరీక్షించడానికి నన్నూ నా స్నేహితులనూ పిలిచారు, కాబట్టి మీ వైపు ఉండే ఇబ్బందులు కూడా కొంత తెలుసు.

ఆ విడ్జెట్ అక్షరాలు పెద్దవి చేస్తుంది, రంగులు మారుస్తుంది, పేజీని పైకి చదువుతుంది. ఇవన్నీ మా ఫోన్లలో, కంప్యూటర్లలో ముందే ఉన్నాయి. స్క్రీన్ రీడర్ లేకుండా నేను కంప్యూటర్ తెరిచి మీ సైట్ దాకా రాలేను కదా. వచ్చాక మీ పేజీ ఇంకో గొంతుతో చదవడం మొదలుపెడితే రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడి ఏదీ అర్థం కాదు. అసలు లోపం కోడ్‌లో ఉంటుంది. సబ్మిట్ బటన్‌ను బొమ్మగా పెట్టి దానికి పేరు ఇవ్వకపోతే నాకు 'బటన్' అని మాత్రమే వినిపిస్తుంది. అది సబ్మిటో, క్యాన్సిలో నాకు తెలియదు, విడ్జెట్‌కూ తెలియదు. అమెరికాలో ఇలాంటి విడ్జెట్ అమ్మే ఒక కంపెనీ, ఏ సైట్‌నైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తామని ప్రచారం చేసుకుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆ కంపెనీని 10 లక్షల డాలర్లు కట్టమంది.

మీరు ఒక్క ప్రశ్న పెట్టుకోండి. చూపు లేని మనిషి తన పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పకుండా, మీ సైట్‌లో పని మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా పూర్తి చేయగలదా? హోమ్ పేజీ చదవగలిగితే చాలదు. రసీదు చేతికి రావాలి, దాన్నీ ఆమె చదువుకోగలగాలి. ఇప్పుడు జరుగుతున్నది వేరు. పెన్షన్ కోసమో, స్కాలర్‌షిప్ కోసమో, పోటీ పరీక్ష కోసమో మేము నెట్ సెంటర్‌కు వెళ్తాం. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్, అందులోకి వచ్చే ఓటీపీ అన్నీ అక్కడ కూర్చున్న అబ్బాయి చేతిలో పెడతాం. అతను మంచివాడే కావచ్చు. కానీ ఏ కులం బటన్ నొక్కాడో, ఏ పరీక్షా కేంద్రం పెట్టాడో హాల్ టికెట్ వచ్చేదాకా తెలియదు. ఒక ఆడపిల్ల తన ఫోన్‌ను తాళం తీసి అపరిచితుడికి ఇచ్చి పక్కన నిలబడటం ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, పత్రాల దగ్గర. ప్రమాణాల పుస్తకాలు చదివితే మెనూలు, బొమ్మలు, రంగుల గురించి ముందు కనిపిస్తుంది. తెలుగు సైట్లలో మాత్రం నాకు ఎదురైన అతి పెద్ద అడ్డంకి పీడీఎఫ్‌లే. సైట్ ఎంత చక్కగా ఉన్నా అసలు సమాచారం వాటిలోనే ఉంటుంది. జీవోలు, సర్క్యులర్లు, నోటిఫికేషన్లు, మెరిట్ లిస్టులు, సీనియారిటీ జాబితాలు అన్నీ అవే.

కంప్యూటర్‌లో టైపు చేసిన కాగితాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టించి, ముద్ర వేసి, మళ్ళీ స్కాన్ చేసి ఎక్కిస్తారు. అప్పుడది పత్రం కాదు, ఫోటో. స్క్రీన్ రీడర్ దాన్ని తెరిచి ఖాళీ పేజీ అంటుంది. ఫోటోలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో చదివించుకోవచ్చు కదా అంటారు. ఇంగ్లీషుకు చాలావరకు పనిచేస్తుంది. వంకరగా స్కాన్ చేసిన తెలుగులో ఒత్తులు పోతాయి, గీతల పట్టికలో అంకెలు కలిసిపోతాయి. చివరి తేదీలో ఒక్క అంకె తప్పుగా చదివితే దరఖాస్తు పోయినట్టే.

మా బదిలీలప్పుడు మార్గదర్శకాలు ఇలా స్కాన్ చేసిన ఫైల్‌గానే వచ్చాయి. దివ్యాంగ ఉపాధ్యాయులకు ఏ కేటగిరీలో, ఎలా ప్రాధాన్యం ఇస్తారో చెప్పే పేరా అందులోనే ఉంది. నాలాంటి వాళ్ళ కోసం రాసిన పేరా, నాలాంటి వాళ్ళకే అందలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఒక మేడం ఖాళీ అయ్యేదాకా ఆగి చదివించుకున్నాను. ఆవిడ ఓపిగ్గానే చదివారు. కానీ ఆప్షన్లు పెట్టుకునే గడువు దగ్గర పడుతోంది, అదే పేరా మళ్ళీ మళ్ళీ చదవమని అడగాలంటే మొహమాటం. ఆ టెన్షన్‌లో తీసుకున్న నిర్ణయం మీద ఒకరి ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు ఆధారపడి ఉంటాయి.

ఇంకో రకం, పాత డీటీపీ ఫాంట్లు. అను ఫాంట్లు, శ్రీలిపి లాంటివి. వీటిలో టైపు చేస్తే తెరమీద తెలుగు కనిపిస్తుంది, ఫైల్ లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. తలకట్టుకు ఒకటి, కొమ్ముకు ఒకటి, ఒత్తుకు ఇంకొకటి పక్కపక్కన పేర్చి కంటికి తెలుగులా చూపిస్తాయి. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదే చదువుతుంది కాబట్టి ఆ పేజీ అంతా నాకు ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, బ్రాకెట్లుగా వినిపిస్తుంది. దీనివల్ల చూపున్నవాళ్ళకూ నష్టమే. ఆ జాబితాలో మీ ఊరి పేరు తెలుగులో టైపు చేసి వెతకండి, దొరకదు. గూగుల్‌కూ దొరకదు.

తెలుగు అక్షరాన్ని ఫైల్ లోపల కూడా తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్ పద్ధతిలో టైపు చేస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. విండోస్‌లో గౌతమి, నిర్మలా యూఐ ఫాంట్లు వస్తాయి. అందంగా కావాలంటే మండలి, గురజాడ, సూరన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అయితే యూనికోడ్‌లో చేసినా, పీడీఎఫ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవడం తెలుగుకు ఉన్న పాత సమస్య. కాబట్టి ముఖ్యమైన ప్రతి ప్రకటననూ పీడీఎఫ్‌తో పాటు మామూలు వెబ్ పేజీగా కూడా పెట్టండి. నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. ఫోన్‌లో కూడా హాయిగా చదువుకోవచ్చు. పీడీఎఫ్ తప్పదనుకుంటే వర్డ్‌లో శీర్షికలను హెడింగ్ స్టైల్‌తో పెట్టండి. తర్వాత 'సేవ్ యాజ్ పీడీఎఫ్' వాడండి, ప్రింట్ దారిలో వెళ్తే శీర్షికలూ పట్టికలూ గుర్తుపట్టే ట్యాగులు పోతాయి. సంతకం కావాలంటే డిజిటల్ సంతకం ఉంది, అది పెట్టడానికి ప్రింటు తీయనక్కర్లేదు.

పరీక్ష చాలా తేలిక. పీడీఎఫ్ తెరిచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అక్కడ తెలుగు తెలుగులా ఉంటే ముందు గండం దాటినట్టే. ఏమీ రాకపోయినా, చిందరవందరగా వచ్చినా మాకు అందదు. మీ ఆఫీసులో ఎవరైనా, ఏ శిక్షణా లేకుండా చేయగల పని ఇది.

వెబ్ పేజీ పెట్టేటప్పుడు ఇంకొక్కటి చూడాలి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని ప్రకటించాలి. చాలా టెంప్లేట్లలో ఇంగ్లీషు అని ఉండిపోతుంది. అప్పుడు స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి, కొన్ని గొంతుల్లో పూర్తిగా మౌనంగా దాటేస్తుంది. ఒక పేజీలో రెండు భాషలుంటే ఏ భాగం ఏ భాషో విడిగా చెప్పవచ్చు. మీ ప్రోగ్రామర్‌కు ఇది చిన్న పని.

తర్వాత ఫారాలు. మన దగ్గర ప్రతి ఫారంలోనూ జిల్లా, మండలం, గ్రామం అని మూడు డ్రాప్‌డౌన్లు వరుసగా ఉంటాయి. మీరు మౌస్‌తో నేరుగా విశాఖపట్నం మీద నొక్కుతారు. నేను కీబోర్డులో డౌన్ యారోతో ఒక్కొక్కటీ దిగాలి. ఒకసారి నొక్కగానే మొదటి పేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా ఎంపికైపోయి పేజీ మొత్తం మళ్ళీ లోడవుతుంది. నేను పేజీ మొదటికి వచ్చి పడతాను. లోగో, మెనూ, నాయకుల ఫోటోలు, కదిలే వార్తలు అన్నీ దాటుకుని మళ్ళీ జిల్లా దగ్గరికి రావాలి. ఇంకోసారి యారో నొక్కితే ఇంకో జిల్లా, మళ్ళీ మొదటికి. అక్షర క్రమంలో చివర ఉన్న జిల్లాల వాళ్ళ గతి చెప్పనక్కర్లేదు. ఎంపిక చేయగానే పేజీ తనంతట తాను మారకూడదని వెబ్ ప్రమాణాల్లో స్పష్టంగా ఉంది. మండలాల జాబితాను మాత్రమే వెనకాల తెప్పించి, నేను ఉన్నచోటే ఉంచితే చాలు. లేదా పక్కన 'మండలాలు చూపు' అని ఒక బటన్ పెట్టండి.

ప్రతి గడికీ కోడ్‌లో పేరు కట్టాలి. పైన తండ్రి పేరు అని రాసి ఉన్నంత మాత్రాన అది ఆ గడికి చెందినదని స్క్రీన్ రీడర్‌కు తెలియదు, నాకు 'ఎడిట్, ఖాళీ' అనే వినిపిస్తుంది. పుట్టిన తేదీని క్యాలెండర్ బొమ్మలోంచే ఎంచుకోవాలని పట్టుబట్టకండి, టైపు చేయనివ్వండి. తప్పులను ఎర్ర గీతతో మాత్రమే చూపించకండి. ఏ గడిలో ఏం తప్పో మాటల్లో రాసి, కర్సర్‌ను అక్కడికి తీసుకెళ్ళండి. సంతకం ఫోటో ఇన్ని కేబీల్లోనే ఉండాలని అడిగితే, పెద్ద ఫైల్‌ను సైటే కుదించుకోవచ్చు.

చూపు మందగించినవాళ్ళు స్క్రీన్ రీడర్ వాడకపోవచ్చు. వాళ్ళకు తెల్ల కాగితం మీద లేత బూడిద రంగు అక్షరాలు కనిపించవు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి. దీన్ని కొలిచే పరికరాలు ఉచితంగా ఉన్నాయి. పేజీని రెండింతలు పెద్దది చేసినా ఏదీ తెగిపోకూడదు.

క్యాప్చా గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. వంకర అక్షరాల బొమ్మ ఒక్కటి పెడితే చాలు, మిగిలిన సైట్ అంతా ఎంత బాగున్నా నేను గుమ్మం బయటే ఉండిపోతాను. శబ్దంతో చదివే క్యాప్చా కొంత మేలు, కానీ చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళు ఉన్నారు. ఓటీపీ ఎలాగూ పంపుతున్నప్పుడు క్యాప్చా ఎందుకో మీ సాంకేతిక బృందాన్ని అడగండి. ఓటీపీకి ఇచ్చే సమయం కూడా చూడండి. అదే ఫోన్‌లో మెసేజ్‌కు వెళ్ళి, విని, గుర్తుపెట్టుకుని, వెనక్కి వచ్చి టైపు చేయాలి. వెనక్కి వచ్చేసరికి ఫారం ఖాళీ అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. గడువు పెంచుకునే వీలు ఉండాలి, నింపినది అలాగే ఉండాలి.

ముఖ గుర్తింపు ఇప్పుడు అన్నిచోట్లకూ వస్తోంది. తెరమీద ఒక గుండ్రటి గీత చూపించి మొహం అందులో పెట్టమంటే నాకు అది ఎక్కడుందో తెలియదు. 'కొంచెం ఎడమకు', 'ఫోన్ దూరంగా పట్టుకోండి' అని గొంతు చెబితే చేసేస్తాను. రెప్ప వేయమని అడిగితే కొందరు వేయలేరు. కంటిపాప దెబ్బతిన్నవాళ్ళకు కంటిని స్కాన్ చేసే ఐరిస్ గుర్తింపు పనిచేయదు. అలాంటివాళ్ళకు వేరే దారి యాప్‌లోనే ఉండాలి, ఆఫీసరు దయ మీద ఉండకూడదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ విషయంలోనే పెద్ద తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసులవి. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెబుతూ కోర్టు 20 ఆదేశాలిచ్చింది. రెప్ప వేయడం ఒక్కటే ఆధారంగా ఈ-కేవైసీ, అంటే ఆన్‌లైన్ గుర్తింపు తనిఖీ, ఉండకూడదన్నది అందులో ముఖ్యమైనది.

ఇంతవరకు లోపాలే చెప్పాను కాబట్టి బాగా జరిగిన ఒక పని కూడా చెబుతాను. ఓటింగ్ యంత్రం. బ్యాలెట్ యూనిట్ మీద మీటల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి, అభ్యర్థుల వరుస చదువుకోవడానికి బ్రెయిలీ పత్రం ఇస్తారు. దాన్ని మొదట పరీక్షించి చూసింది మన హైదరాబాద్‌లోనే, 2004లో ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. 2009 నుంచి దేశమంతా వచ్చింది. నా ఓటు నేనే వేస్తాను, ఎవరికి వేశానో మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. బ్రెయిలీని యంత్రం మీదే పెట్టారు కాబట్టి అది కుదిరింది. అలాగే ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన 'మన మిత్ర' లాగా వాట్సాప్ చాట్‌లో సేవలు ఇవ్వడం మాకు కలిసొచ్చే పద్ధతి, ఎందుకంటే రాతలో సాగే చాట్‌ను టాక్‌బ్యాక్ బాగా చదువుతుంది. మీ శాఖ సేవలు అలాంటి దారిలో ఇచ్చే అవకాశం ఉంటే వదులుకోకండి, చివరన వచ్చే పత్రం కూడా చదవదగ్గదిగా చూసుకోండి.

మీ సైట్ ప్రజల కోసమే అనుకోకండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో చూపు లేనివాళ్ళకు, చూపు మందగించినవాళ్ళకు 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఉద్యోగం ఇచ్చి, హాజరు యాప్, సెలవుల యాప్, ఫైళ్ళ సాఫ్ట్‌వేర్ వాడలేని పరిస్థితి పెడితే ఆ ఉద్యోగి ప్రతిరోజూ ఒకరి సాయం కోసం చూడాల్సిందే. పని రాదనే పేరు కూడా వస్తుంది. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. లోపలి సాఫ్ట్‌వేర్లను కూడా మీ జాబితాలో చేర్చండి.

చట్టం సంగతి కూడా అడిగారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ సమాచార సాంకేతికత గురించే. ప్రభుత్వ సైట్లకు జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి, ఇప్పుడున్నది 2023లో వచ్చిన మూడో రూపం. అది అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1, డబుల్ ఏ స్థాయిని అడుగుతుంది. సైట్లు, యాప్‌లు, యంత్రాలు అన్నిటికీ కలిపి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు, ఇవి సిఫార్సుల్లా ఉంటే చాలదు, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేయాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగ అధ్యయన కేంద్రం. చట్టం మొదటిసారి ఉల్లంఘిస్తే 10 వేల రూపాయల దాకా, తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. ఫైలులో నోట్ పెట్టేటప్పుడు ఇవి రాస్తే మీ మాటకు బలం వస్తుంది.

కానీ నా దృష్టిలో మీ చేతిలో ఉన్న అసలైన ఆయుధం టెండరు. అమెరికాలో 1998లో బలపరిచిన సెక్షన్ 508 ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం దివ్యాంగులు వాడలేని సాఫ్ట్‌వేర్‌ను కొనకూడదు. హైదరాబాద్‌లో కూర్చుని అక్కడి ప్రభుత్వ ప్రాజెక్టులకు పనిచేసే మన తెలుగు ఇంజనీర్లకు ఆ సెక్షన్ గురించి బాగా తెలుసు, రోజూ దాని ప్రకారమే కోడ్ రాస్తారు. అంటే నైపుణ్యం మన ఊళ్ళోనే ఉంది, మన టెండర్లు దాన్ని అడగడం లేదు. ఐఎస్ 17802 పాటించాలి, చూపు లేని వాడుకరులతో పరీక్ష చేయించాలి, అందులో తేలిన లోపాలు సరిచేశాకే చివరి బిల్లు చెల్లిస్తాం అని మూడు వాక్యాలు టెండరులో పెట్టండి. పని అయిపోయాక సరిచేయమంటే ఏ కంపెనీ అయినా మళ్ళీ డబ్బు అడుగుతుంది.

పరీక్ష మీరే మొదలుపెట్టవచ్చు. ఎన్‌వీడీఏ ఉచితం. చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో దాన్ని మొదలుపెట్టాడు, చూపు లేని జేమ్స్ టే అతనితో కలిశాడు. తెలుగు కూడా చదువుతుంది. దాన్ని వేసుకుని, మౌస్ పక్కన పెట్టి, తెర ఆర్పేసి, మీ సైట్‌లో ఒక దరఖాస్తు నింపి చూడండి. ట్యాబ్ నొక్కుతూ వెళ్తే ప్రతి గడి, ప్రతి బటన్ వినిపించాలి. హెచ్ అక్షరం నొక్కితే శీర్షికలు, టీ నొక్కితే పట్టికలు వస్తాయి. హెచ్‌కు ఏమీ రాకపోతే శీర్షికలు లావు అక్షరాలతో మాత్రమే చేశారని అర్థం. ఆటోమేటిక్‌గా తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్లు కొన్ని తప్పులే పడతాయి. బొమ్మకు వివరణ ఉందో లేదో చెబుతాయి గానీ, అందులో 'ఇమేజ్ 1' అని రాసి ఉంటే చాలావరకు పట్టుకోలేవు.

ఆ తర్వాత మమ్మల్ని పిలవండి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పునరావాస విభాగం, దేవనార్ అంధుల పాఠశాల లాంటి చోట్ల అడిగితే కంప్యూటర్ వాడే చూపు లేనివాళ్ళు దొరుకుతారు. జిల్లాల్లో అయితే మీ దగ్గరి ప్రభుత్వ బడుల్లో, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళను అడగండి. బాగా వచ్చినవాళ్ళనే కాకుండా, ఇప్పుడిప్పుడే ఫోన్ నేర్చుకుంటున్న పల్లెటూరి పెద్దావిడను కూడా కూర్చోబెట్టండి. నేను చుట్టూ తిరిగి ఎలాగో దారి పట్టే చోట ఆవిడ ఆగిపోతుంది, మీకు కావాల్సింది ఆ ఆగిన చోటు. వచ్చినవాళ్ళకు దారి ఖర్చులు, రోజు కూలి ఇవ్వండి. కొత్త బొమ్మ గానీ, కొత్త పీడీఎఫ్ గానీ ఎక్కించిన ప్రతిసారీ పాత తప్పులు తిరిగి వస్తాయి కాబట్టి, అప్‌లోడ్ చేసే ఆపరేటర్‌కు కూడా ఇవన్నీ నేర్పించాలి.

మీ సైట్ లింకు కింద కామెంట్‌లో పెట్టండి. ఆదివారం నేను ఒక దరఖాస్తు నింపి చూసి, ఎక్కడ ఆగిపోయానో వరుసగా రాస్తాను. ఆ కంపెనీ విడ్జెట్ ఇప్పటికే పెట్టేసి ఉంటే, దాన్ని ఆపేసే బటన్ ఉందో లేదో ముందు చూసుకోండి.